అమెరికా కాలేజీ ఫుట్‌బాల్: కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎలా చూడాలి, డబ్బు ఎటు పోతోందో ఎలా కనిపెట్టాలి

ఆగస్టులో దిగుతారు. బ్యాంక్ అకౌంటు, సిమ్ కార్డు, పరుపు, రైస్ కుక్కరు ఇవన్నీ కుదుర్చుకునేలోపే సెప్టెంబర్ వచ్చేస్తుంది. ఒక శనివారం పొద్దున కూరగాయలు తెచ్చుకుందామని బయటికొస్తే రోజూ ఎక్కే బస్సు రాదు. రోడ్డు నిండా ఒకే రంగు చొక్కాలు. డెబ్భై ఏళ్ల తాతగారు, ఆయన కొడుకు, మనవరాలు, చంకలో పసిబిడ్డ, అందరిదీ అదే రంగు. టెక్సస్‌లో నా మొదటి ఏడాది సరిగ్గా ఇదే జరిగింది. బస్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాక ఒక పెద్దావిడ కారాపి, ఇవాళ గేమ్ డే, అంటే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు, సాయంత్రం దాకా ఈ దారిలో బస్సులు తిరగవని చెప్పి నన్ను ఇండియన్ స్టోర్ దగ్గర దింపి వెళ్లింది. దారంతా తన కాలేజీ రోజుల గురించే మాట్లాడింది. చదువు అయిపోయి నలభై ఏళ్లయినా ఒక్క సీజన్ కూడా వదల్లేదట.

ఆ రోజు నుంచి నాకు ఈ ఆట మీద, అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ మీద, ప్రేమ పట్టుకుంది. దాంతోపాటే ఒక ప్రశ్న కూడా పట్టుకుంది: ఇంత డబ్బు తిరిగే చోట, ఆడే కుర్రాడికి అన్నేళ్లు జీతం అనేదే ఎందుకు లేదు? ఆట ఎలా చూడాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, మీ ఫీజులోంచి, మీ టికెట్లోంచి, మీరు కొన్న చొక్కాలోంచి పోయే డాలర్ ఎవరి దగ్గరికి చేరుతుందో కొత్తవాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

ముందు మీ కాలేజీకి జట్టు ఉందో లేదో చూసుకోండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ మనవాళ్లు ఎక్కువగా చేరే కాలేజీల్లో కొన్నింటికి అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) డల్లాస్‌కి లేదు, అక్కడ చెస్ ఆడేవాళ్లకి స్కాలర్‌షిప్ ఇస్తారు. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్ తర్వాత జట్టుని ఎత్తేసింది. డెంటన్‌లో ఉన్న నార్త్ టెక్సస్‌కి మాత్రం ఉంది, స్టేడియం కూడా క్యాంపస్‌ని ఆనుకునే ఉంటుంది. కాలేజీ ఆటల్లో ఎక్కువ భాగాన్ని నడిపే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. దాని కింద మూడు డివిజన్లున్నాయి. టీవీలో కనిపించేదీ, కోట్లు తిరిగేదీ మొదటి డివిజన్‌లోని పై వరస. మూడో డివిజన్‌లో అసలు ఆటల స్కాలర్‌షిప్‌లే ఉండవు, అక్కడి పిల్లలు సొంత ఫీజు కట్టుకుని ఆడతారు. మీది ఏ డివిజనో తెలిస్తే శనివారం ఊరు ఎలా ఉండబోతోందో సగం అర్థమైపోతుంది.

తర్వాత సెమిస్టర్ ఫీజు బిల్లు తెరిచి ఒక్కో లైనూ చదవండి. చాలామంది మొత్తం చూసి, రూపాయల్లోకి మార్చుకుని, గుండె పట్టుకుని మూసేస్తారు. కొన్ని యూనివర్సిటీల్లో అథ్లెటిక్స్ ఫీజు అని విడిగా వేస్తారు, కొన్నిచోట్ల స్టూడెంట్ సర్వీసెస్ ఫీజులో కలిపేస్తారు. అది కట్టేశారంటే ఆటల్లో ఒక భాగానికి మీరు ముందే డబ్బిచ్చినట్టు. చాలాచోట్ల ఆ ఫీజు వల్ల స్టూడెంట్ టికెట్ ఉచితంగానో చాలా చవకగానో వస్తుంది. ఆ సంగతి తెలియక మనవాళ్లు బయట రీసేల్‌లో కొన్న సందర్భాలు నేను చూశాను. పెద్ద జట్లున్న చోట మాత్రం ఫీజు కట్టినా సరే సీజన్ పాస్ విడిగా కొనాలి, కొన్ని మ్యాచులకి లాటరీ వేస్తారు. యూనివర్సిటీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో మీ స్టూడెంట్ ఐడీతో లాగిన్ అయితే ఈ వివరాలన్నీ ఉంటాయి. ఆగస్టులోనే చూసుకోండి, అక్టోబర్‌లో పెద్ద ప్రత్యర్థి మ్యాచ్ వచ్చేసరికి ఏమీ మిగలవు.

టికెట్ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. రెండో ఏడాది, పెద్ద మ్యాచ్ అని ఆశపడి, ముక్కూమొహం తెలియని ఒకతనికి 80 డాలర్లు పంపి టికెట్ స్క్రీన్‌షాట్ తెచ్చుకున్నాను. గేటు దగ్గర స్కాన్ కాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్ యాప్‌లోనే ఉంటాయి, చాలావాటిలో బార్‌కోడ్ మారుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ పనికిరాదు. ఎవరి దగ్గర తీసుకున్నా యాప్‌లోనే మీ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుని, అది మీ ఫోన్‌లో కనిపించాకే డబ్బు పంపండి. మీ స్టూడెంట్ టికెట్ బయటివాళ్లకి అమ్మడం చాలా యూనివర్సిటీల్లో నిషేధం, దొరికితే ఆ సీజన్‌కి టికెట్లు ఆపేస్తారు.

ఆట అర్థం కావడానికి పది నిమిషాలు చాలు

మైదానం పొడవు 100 గజాలు, ఒక్కో జట్టులో 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకి వెళ్తే మళ్లీ నాలుగు కొత్త ప్రయత్నాలు. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. మన కబడ్డీ ఆడినవాళ్లకి ఇది త్వరగా ఎక్కుతుంది, ఎందుకంటే రెండింట్లోనూ అసలు సంగతి అవతలివాడి నేల ఎంత తొక్కగలిగాం అన్నదే. బంతితో చివరి గీత దాటితే 6 పాయింట్లు, దాని తర్వాత కాలితో కొడితే ఇంకొకటి. దూరం నుంచి రెండు స్తంభాల మధ్యకి తన్నితే 3. ఈ మాత్రం తెలిస్తే మొదటి మ్యాచ్‌కి సరిపోతుంది. మిగతాది పక్కన కూర్చున్నవాళ్లే చెప్తారు, వాళ్లకి చెప్పడం చాలా ఇష్టం, అడగడానికి మొహమాటపడకండి.

గడియారం లెక్కన ఆట 60 నిమిషాలే. కానీ మీరు స్టేడియంలో మూడున్నర గంటలు కూర్చుంటారు. ఎందుకో తెలుసుకోవాలంటే మైదానం అంచున ఎర్రటోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషిని గమనించండి. ఆయన అంపైర్ కాదు, కోచ్ కాదు, టీవీ వాళ్ల తరఫు మనిషి. ప్రకటనల విరామం అయ్యేదాకా ఆయన లోపలే నిలబడతాడు, ఆయన బయటికి నడిచాకే ఆట మళ్లీ మొదలవుతుంది. లక్షమంది జనం, రెండు జట్లు, రిఫరీలు అందరూ ఆ ఒక్క మనిషి కోసం ఆగుతారు. ఈ ఆటలో డబ్బు ఎక్కడ కూర్చుందో నాకు మొదటిసారి కళ్లకి కనిపించింది అక్కడే.

గేమ్ డే రోజు

జాతర అనుకుని వెళ్లండి. మ్యాచ్ మధ్యాహ్నం అయితే పొద్దున ఏడింటికే పార్కింగ్ లాట్లలో గుడారాలు లేస్తాయి, కారు డిక్కీ తెరిచి పొయ్యి పెట్టేస్తారు, దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. తెలియనివాళ్లు కూడా పిలిచి ప్లేటు చేతిలో పెడతారు. బ్రిస్కెట్ అంటే గొడ్డు మాంసం, హాట్‌డాగ్‌లో పందిమాంసం ఉండొచ్చు, మీకు పట్టింపు ఉంటే తినేముందే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మీరు కూడా ఏదైనా పట్టుకెళ్లండి. మేము ఒకసారి పులిహోర, చికెన్ పకోడీ తీసుకెళ్తే అరగంటలో డబ్బాలు ఖాళీ, తర్వాతి వారం ఆ పక్క గుడారం వాళ్లు మాకోసం కుర్చీలు కూడా వేసి ఉంచారు. కాలేజీలో రెండేళ్లున్నా అమెరికన్ స్నేహితుడు ఒక్కడూ లేడని బాధపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఒక శనివారం పొద్దున పార్కింగ్ లాట్‌కి వెళ్లండి.

మందు దగ్గర జాగ్రత్త. 21 నిండకపోతే ముట్టొద్దు. నిండినా సరే తాగి స్టీరింగ్ పట్టుకోవద్దు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి తాగి నడిపిన కేసు ఒక్కటి పడినా వీసా రద్దయ్యే దాకా వెళ్తుంది, కోర్టులో తప్పు రుజువు కాకముందే, కేవలం అరెస్టుతోనే రద్దయిన సందర్భాలున్నాయి. ఇంటి దగ్గర అప్పు చేసి పంపిన అమ్మానాన్నలని ఒక్క క్షణం గుర్తు తెచ్చుకుంటే చాలు.

టెక్సస్‌లో సెప్టెంబర్ ఎండ మన రెంటచింతల మే నెలని గుర్తు చేస్తుంది. టోపీ పెట్టుకోండి, నీళ్లు తాగుతూ ఉండండి. వీపు బ్యాగులు లోపలికి రానివ్వరు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచీ, 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాలు మించకుండా, చాలా స్టేడియాల్లో ఇదే కొలత. చొక్కా రంగు చూసుకోండి, తెలియక ప్రత్యర్థి రంగు వేసుకెళ్తే ఎవరూ కొట్టరు గానీ మూడున్నర గంటలూ మిమ్మల్నే చూస్తారు.

చేతి సైగలు నేర్చుకోండి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్లు చూపుడు వేలు, చిటికెన వేలు లేపి చూపిస్తారు, పొడవు కొమ్ముల ఎద్దు గుర్తు, 1955 నుంచి ఉంది. అదే సైగ వాళ్ల ప్రత్యర్థి యూనివర్సిటీ టెక్సస్ ఏ అండ్ ఎం స్టేడియంలో చేశారంటే పక్కవాళ్ల మొహాలు మారిపోతాయి. ఏ అండ్ ఎం విద్యార్థులు మ్యాచ్ మొత్తం నిలబడే చూస్తారు, కూర్చోరు. 1922 జనవరిలో ఒక మ్యాచ్‌లో ఆటగాళ్లు ఒక్కొక్కరే గాయపడి తగ్గిపోతుంటే, ప్రేక్షకుల వైపు ఉన్న ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థిని పిలిచారు. అతను జట్టు బట్టలు వేసుకుని చివరిదాకా సిద్ధంగా నిలబడ్డాడు. అతన్ని ఆడించాల్సిన అవసరం రాలేదు. అయినా ఆ నిలబడటాన్నే వందేళ్లుగా గుర్తు పెట్టుకుని, అవసరమైతే మేమూ దిగుతాం అన్నట్టు అంతమందీ నిలబడతారు. నేను మొదటిసారి చూసినప్పుడు గొంతు పట్టేసింది.

అదే క్యాంపస్‌లో బాన్‌ఫైర్ స్మారకం ఉంది, వెళ్తే తప్పకుండా చూడండి. ఆస్టిన్ జట్టుతో మ్యాచ్‌కి ముందు ప్రతి ఏడాదీ విద్యార్థులే దుంగలు నరికి, పేర్చి, పెద్ద మంట వేసేవాళ్లు. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున ఆ దుంగల గుట్ట కూలి 12 మంది చనిపోయారు. ఆ తర్వాత యూనివర్సిటీ దాన్ని ఆపేసింది. కాలేజీ ఆట మీద ప్రేమ ఎంతదాకా వెళ్తుందో ఆ పేర్లు చదువుతుంటే తెలుస్తుంది, దాన్ని పిచ్చి అని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. మన ఊళ్లలో హీరో సినిమా విడుదల రోజు కటౌట్ కట్టడానికి ఎక్కిన కుర్రాళ్లు కరెంటు తగిలి పోయిన వార్తలు చదివినవాళ్లకి ఆ ప్రేమా, దాని ఖరీదూ రెండూ తెలుసు.

డబ్బు ఎటు పోతోందో ఇలా కనిపెట్టండి

ముందు ఒక భ్రమ వదిలేయాలి. ఒకప్పుడు అంతా స్వచ్ఛంగా ఉండేదనీ, ఈమధ్యే టీవీ వచ్చి పాడుచేసిందనీ చాలామంది అంటారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి పోటీ 1852లో, న్యూ హాంప్‌షైర్‌లోని ఒక సరస్సు మీద హార్వర్డ్, యేల్ మధ్య పడవ పందెం. దాని ఖర్చంతా పెట్టుకుంది ఒక రైల్వే కంపెనీ, తమ రైళ్లలో జనం ఆ సరస్సుకి విహారానికి రావాలని. మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ దాని తర్వాత పదిహేడేళ్లకి, 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య జరిగింది. అంటే కాలేజీ ఫుట్‌బాల్ పుట్టకముందే కాలేజీ ఆటలకి స్పాన్సర్ ఉన్నాడు.

మారింది డబ్బు పరిమాణం. 1984 దాకా ఏ మ్యాచ్ టీవీలో రావాలో ఎన్‌సీఏఏ ఒక్కటే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్తే ఆ ఏడాది సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. అక్కణ్ణుంచి కాలేజీల గుంపులు, వీటినే కాన్ఫరెన్సులు అంటారు, సొంతంగా హక్కులు అమ్ముకోవడం మొదలుపెట్టాయి. 2022లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ ఏడేళ్ల హక్కుల్ని 700 కోట్ల డాలర్ల పైచిలుకుకి అమ్మింది. బాస్కెట్‌బాల్‌లో మార్చి నెలలో జరిగే పెద్ద టోర్నమెంట్ ఒకటి ఉంది, దాని హక్కులు 2010లో 14 ఏళ్లకి 1,080 కోట్ల డాలర్లకి పోయాయి, తర్వాత ఇంకా పెంచి 2032 దాకా పొడిగించారు.

ఆ డబ్బు ఏం చేసిందో చూడాలంటే మ్యాప్ ముందు పెట్టుకోండి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ 2024 నుంచి బిగ్ టెన్‌లో ఆడుతోంది, న్యూజెర్సీలోని రట్గర్స్ కూడా అందులోనే ఉంది. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో సభ్యురాలు. వందేళ్లకి పైగా చరిత్ర ఉన్న పసిఫిక్ వైపు కాన్ఫరెన్స్ 2023 వేసవిలో కొద్ది వారాల్లో కూలిపోయి రెండు కాలేజీలు మిగిలాయి. ఫుట్‌బాల్ వాళ్లు వారానికి ఒకసారి ప్రత్యేక విమానంలో వెళ్లొస్తారు, వాళ్లకి ఫర్వాలేదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు వారం మధ్యలో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి ఆడి, అర్ధరాత్రి తిరిగొచ్చి, పొద్దున్నే క్లాసులో కూర్చోవాలి. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం తీసుకున్న నిర్ణయానికి నిద్ర పోగొట్టుకునేది వేరేవాళ్లు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కోచ్‌ల జీతాలు చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలో ఎక్కువ తీసుకునేది గవర్నర్ కాదు, యూనివర్సిటీ కోచ్. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసింది, ఒప్పందం ప్రకారం ఆయనకి ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్ల పైనే. పని మానేసినందుకు! ప్రభుత్వ యూనివర్సిటీ ఉద్యోగుల జీతాలు చాలా రాష్ట్రాల్లో ఎవరైనా చూడొచ్చు, ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతాయి. మీ కోచ్ జీతం, మీ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ జీతం పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూడండి. ఇంకొక మాట, స్టేడియం నిండినంత మాత్రాన యూనివర్సిటీకి లాభం వస్తోందని అనుకోవద్దు. ఆటల మీద పెట్టిన ఖర్చంతా ఆటలతోనే సంపాదించుకునే యూనివర్సిటీలు చాలా కొద్ది. మిగతావాటిలో లోటు పూడ్చేది విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ నిధులు. అందుకే ఫీజు బిల్లు చదవమన్నాను.

ఇక ఆడేవాళ్ల సంగతి. విద్యార్థి క్రీడాకారుడు అనే మాట ఎంతో గౌరవంగా వినిపిస్తుంది. అది పుట్టింది లాయర్ల గదిలో. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఆటగాడు మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి చనిపోతే, ఆయన భార్య కార్మికులకిచ్చే నష్టపరిహారం కోసం కోర్టుకి వెళ్లింది. ఆమెకి దక్కలేదు. ఆటగాడు ఉద్యోగి అని ఎక్కడ తేలుతుందోనన్న భయంతోనే ఎన్‌సీఏఏ ఆ రోజుల్లో ఈ మాటని తయారుచేసి, ప్రతి కాగితం మీదా అదే రాయించింది. తర్వాత ఎన్నో దశాబ్దాలు ఆటగాడికి దక్కింది చదువు ఫీజు, ఉండటానికి చోటు, తిండి. చదువు తక్కువ విలువైంది అనడం లేదు, దాని కోసమే మనం సముద్రాలు దాటి వచ్చాం. కానీ అతని నంబరున్న చొక్కా దుకాణంలో అమ్ముడుపోతుంటే అతను అందులో ఒక్క డాలర్ తీసుకున్నా ఆట నుంచి తీసేసేవాళ్లు.

1995లో యూసీఎల్‌ఏని బాస్కెట్‌బాల్ ఛాంపియన్ చేసిన ఎడ్ ఒబానన్ చాలా ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్‌లో తనని తాను చూసుకున్నాడు. తన ఎత్తు, తన నంబరు, ఎడమచేతి వాటం, అన్నీ తనవే, తనకి మాత్రం ఒక్క పైసా రాలేదు. 2009లో కేసు వేశాడు. దాని వెనక ఇంకొన్ని కేసులు వచ్చాయి. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలూ ఒకే మాటగా ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు, జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకునే వీలొచ్చింది. 2025 జూన్‌లో ఇంకో పెద్ద ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది: పాత ఆటగాళ్లకి పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు, ఇప్పుడు ఆడేవాళ్లకి యూనివర్సిటీయే నేరుగా డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

దీన్ని చూసి పాత అభిమానులు కొందరు, ఆట చచ్చిపోయింది, పిల్లలు డబ్బు కోసం ఏటా కాలేజీ మారుతున్నారు అని బాధపడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నాలుగేళ్లు మన కళ్లముందు పెరిగిన కుర్రాడు ఐదో ఏడాది ప్రత్యర్థి చొక్కాలో కనిపిస్తే ఎవరికైనా కష్టమే. కానీ కోచ్ ఎక్కువ జీతానికి వెళ్లినప్పుడు ఎవరూ ఆట చచ్చిపోయిందనలేదు. మోకాలు పోతే కెరీర్ పోయే కుర్రాడికి తన వాటా అందడం నాకు న్యాయంగానే తోస్తుంది. సమస్య ఇంకా ఉంది, ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కే పోతోంది, ఈత, పరుగు, జిమ్నాస్టిక్స్ లాంటివాటికి కోత పడుతుందేమో అన్న భయం ఉంది. ఒలింపిక్స్‌లో అమెరికాకి పతకాలు తెచ్చేవాళ్లలో చాలామంది ఆ కాలేజీ జట్లలోంచే వస్తారు.

మీ జేబులోంచి ఏమేం పోకూడదో

బెట్టింగ్ వద్దు. గట్టిగా చెప్తున్నాను. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒక్కో రాష్ట్రం స్పోర్ట్స్ బెట్టింగ్‌ని అనుమతిస్తూ వచ్చింది, టీవీలో ప్రతి విరామంలో అవే ప్రకటనలు, మొదటి పందెం ఉచితం అంటూ. సంక్రాంతి కోడిపందేల్లో ఎకరాలు పోగొట్టుకున్న కుటుంబాలని గోదావరి జిల్లాల్లో చూసినవాళ్లకి ఇది ఎలా ముగుస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. సెమిస్టర్ ఫీజు కోసం దాచిన డబ్బు రెండు వారాల్లో పోగొట్టుకున్న అబ్బాయి మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవాడు, ఇంటికి ఫోన్ చేసి చెప్పలేక ఎన్ని రాత్రులు మెలకువగా గడిపాడో నాకు తెలుసు. ఇంకో పక్క, పందెం ఓడినవాళ్లు ఆ పందొమ్మిదేళ్ల ఆటగాళ్లకి మెసేజ్‌లు పంపి బెదిరిస్తున్నారు. ఆటని ప్రేమించేవాళ్లు ఆ పనిలో భాగం కాకూడదు.

స్టేడియంలో గేమ్ డే పనులు దొరుకుతాయి, తినుబండారాల కౌంటర్లు, టికెట్ స్కానింగ్ లాంటివి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు కాబట్టి చాలామంది వెంటనే చేరిపోతారు. అక్కడొక చిక్కుంది. స్టేడియం క్యాంపస్‌లోనే ఉన్నా ఆ కౌంటర్లు నడిపేది చాలాసార్లు బయటి కంపెనీ. అది మీ వీసా నిబంధనల్లోకి వస్తుందో రాదో సీనియర్‌ని కాదు, మీ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఇచ్చిన ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి, ఈమెయిల్‌లో జవాబు తీసుకుని దాచుకోండి.

చొక్కాలు, టోపీలు క్యాంపస్ దుకాణంలో కొనకండి, సీజన్ అయ్యాక జనవరిలో ధరలు పడిపోతాయి. మొదటి వారంలో కావాలంటే పాత బట్టల దుకాణాల్లో మీ కాలేజీ రంగు చొక్కాలు తక్కువ ధరకే దొరుకుతాయి.

ఇక్కడే స్థిరపడి పిల్లల్ని టెన్నిస్‌కో గోల్ఫ్‌కో ఈతకో పంపుతూ, దీంతో కాలేజీ ఫీజు గట్టెక్కుతుందని ఆశపడే అన్నయ్యలకి, వదినలకి ఒక లెక్క. హైస్కూల్లో ఆడేవాళ్లలో కాలేజీ ఆటల స్కాలర్‌షిప్ దొరికేది సుమారు 2 శాతం మందికి. కాలేజీలో ఆడేవాళ్లలో ప్రొఫెషనల్ అయ్యేది 2 శాతం కంటే తక్కువ. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ ఉన్న ఐవీ లీగ్ ఆటల స్కాలర్‌షిప్ ఇవ్వదు. బిడ్డకి ఆట ఇష్టమైతే ఆడించండి, ఫీజు ఆదా అవుతుందని మాత్రం శని, ఆదివారాలన్నీ కారులో గడపకండి. ఇండియా నుంచి ఎఫ్-1 మీద వచ్చి ఆడే పిల్లలకి ఇంకో జాగ్రత్త ఉంది. పేరు మీద సంపాదించుకునే హక్కు వచ్చినా, అమెరికాలో ఉండి ప్రకటనలో నటిస్తే అది అనుమతి లేని పని అవుతుంది. కెంటకీ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ షీబ్వే 2022లో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు అక్కడే ప్రకటనల పని పూర్తిచేసుకున్నాడు. అలాంటి దారి వెతికే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవాలి.

చివరిగా, ఫుట్‌బాల్ టికెట్ దొరకలేదని ఇంట్లో కూర్చోకండి. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కాలో అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్‌కి 92,003 మంది వచ్చారు, ఫుట్‌బాల్ స్టేడియంలో నెట్ కట్టి ఆడించారు. 2024లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ని టీవీలో చూసినవాళ్ల సంఖ్య మొదటిసారి మగవాళ్ల ఫైనల్‌ని దాటింది, స్టార్ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ ఆడిన ఆఖరి కాలేజీ మ్యాచ్ అది. మీ క్యాంపస్‌లో కూడా వాలీబాల్, సాకర్, రెజ్లింగ్ మ్యాచులు మామూలు రోజుల్లో సాయంత్రం పూట జరుగుతాయి, చాలావాటికి స్టూడెంట్ ఐడీ చూపిస్తే చాలు. ల్యాబ్ నుంచి నేరుగా వెళ్లి రెండో వరసలో కూర్చోండి. అక్కడ ఎర్రటోపీ మనిషి ఉండడు. ఆడే అమ్మాయిలు ఒకరినొకరు పిలుచుకునే పేర్లు వినిపిస్తాయి, రేపు పొద్దున మీ క్లాసులో పక్క బెంచీలో ఉండేది వాళ్లలో ఒకరే కావచ్చు.